పాత కంప్యూటర్ స్లో అయితే ఏం చేయాలి: దులపడమా, ఎస్‌ఎస్‌డీనా, ఫార్మాటా, కొత్తదా?

మా బావగారికి సింగరాయకొండలో ఎరువుల షాపు ఉంది. పోయినేడు ఆయన కంప్యూటర్ ఆన్ కావడానికి పది నిమిషాలు పట్టేది. తెలిసిన షాపులో ఇస్తే సాయంత్రానికల్లా "ఫార్మాట్ కొట్టేశాం సార్, ఇక చూడండి ఎలా పోతుందో" అని తెచ్చిచ్చారు. ఫార్మాట్ అంటే డిస్క్ మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. రెండు రోజులు బాగానే పోయింది. మూడో రోజు బిల్లు కొడదామని టాలీ తెరిస్తే మూడేళ్ల లెక్కలు లేవు. పిల్లల చిన్నప్పటి ఫొటోలూ లేవు. "డెస్క్‌టాప్ మీదేగా పెట్టుకుంది, అవి కూడా పోతాయా బావా?" అని ఆయన అడిగితే నాకు నోట మాట రాలేదు.

ఆ షాపతను మోసగాడేం కాదు. మిషన్ చేతిలోకి తీసుకునే ముందు "ఇందులో ఏమేం ఉన్నాయండీ?" అని ఒక్క మాట అడగలేదు, అంతే.

ఒంగోల్లో ఒక స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకోవడం నా పని. మా వీధిలోనూ చుట్టాల్లోనూ ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకే ఫోన్ వస్తుంది. అందరూ అడిగేది ఒకటే: బాగు చేయించాలా, పారేసి కొత్తది కొనాలా? నిజానికి దారులు రెండు కాదు, ఐదున్నాయి. వాటిలో మీకేది సరిపోతుందో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఈ నాలుగూ చూడండి

మొదటిది, మీ ఫైళ్లకు ఎంత ప్రమాదం. రెండోది, తేడా వస్తే మళ్లీ పాత స్థితికి రాగలమా. మూడోది, ఎంత స్పీడ్ పెరుగుతుంది. ఖర్చు నాలుగోది. చాలామంది ఖర్చుతో మొదలుపెడతారు, అక్కడే దెబ్బ తింటారు. రెండు వేలు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. పోయిన మనిషి గొంతు రికార్డింగ్ పోతే ఎక్కడి నుంచి తెస్తాం?

కాబట్టి ఏ దారి పట్టినా దానికంటే ముందు చేయాల్సిన పని, ఫైళ్లను ఇంకో డిస్క్‌లోకి కాపీ తీయడం. "నావన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి, పరవాలేదు" అనే మాట వారానికొకసారైనా వింటాను. చాలా ఇళ్లలో సీ, డీ అనేవి ఒకే డిస్క్‌లో గోడ కట్టి చేసిన రెండు గదులు. ఇల్లు కూలితే రెండు గదులూ పోతాయి. కాపీ వేరే వస్తువులో ఉండాలి. ముఖ్యమైనవి అయితే మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల్లో, అందులో ఒకటి ఇంటి బయట ఉంటే మంచిది.

జబ్బేంటో తెలియకుండా మందు కొనొద్దు

కంప్యూటర్ ఆన్ చేసి ఐదు నిమిషాలు ఆగండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్, మెమరీ, సీపీయూ అని ఉంటాయి.

మీరేమీ తెరవకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే నిలబడి ఉంది, కింద స్పీడ్ చూస్తే ఒకటి రెండు ఎంబీ మాత్రమే ఉంది. పక్కన హెచ్‌డీడీ అని రాసుంది. అంటే పాత తిరిగే హార్డ్ డిస్క్ లోడ్ తట్టుకోలేకపోతోంది. మెమరీ 90 శాతం దాటి ఉంటే ఆ మెమరీ, అంటే ర్యామ్, చాలడం లేదు. మొదట బాగుండి, అరగంట తర్వాత ఫ్యాన్ హోరెత్తి స్లో అయితే అది వేడి, చాలాసార్లు దుమ్ము వల్ల వచ్చే వేడి. డిస్క్ నుంచి టక్ టక్‌మని శబ్దం వస్తుంటే ఇంకేమీ చేయొద్దు. ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని ఆపేయండి. అలాంటి డిస్క్ మీద ముందే చెక్ డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడపమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని గంటల తరబడి చదివిస్తే ఉన్న ఊపిరి కాస్తా పోతుంది. కాపీ అయ్యాకే రిపేరు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ ఆరోగ్యం చూపిస్తుంది. "కాషన్" అని పసుపు రంగు కనిపిస్తే మార్చే టైమ్ వచ్చిందని అర్థం.

మొదటి దారి: దుమ్ము దులపడం

మన జిల్లాల్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చీమకుర్తి వైపు నుంచి ఒక డెస్క్‌టాప్ నా దగ్గరికి వచ్చింది. పక్క మూత తీస్తే ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కలకు బూడిదరంగు గ్రానైట్ పొడి పేరుకుని ఉంది. ఫ్యాన్ ఎత్తి చూస్తే కింద అల్యూమినియం రేకుల సందులన్నీ మూసుకుపోయి, దుమ్ము దుప్పటి ముక్కలా ఒకే పొరగా ఊడొచ్చింది. గాలి దూరే సందే లేదు. కాలిపోకుండా ఉండటానికి ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటోంది. ఆ మనిషి కొత్తది కొనడానికి డబ్బు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఒక అంగుళం పెయింట్ బ్రష్, చిన్న బ్లోయర్, ముప్పావు గంట. ఇప్పటికీ అదే వాడుతున్నాడు.

ఇంట్లో చేసుకునేవాళ్లకు పద్ధతి ఇది. షట్ డౌన్ చేయండి, ప్లగ్ పీకండి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మూత తీసి ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి, ఏ వైరు ఎక్కడిదో రేపు గుర్తుండదు. వరండాలోకి తీసుకెళ్లి ముక్కుకు గుడ్డ కట్టుకోండి. లోపల చేయి పెట్టే ముందు క్యాబినెట్ రేకును ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపండి. గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. తడిగుడ్డ వద్దు, ఇంట్లో ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ వద్దు.

వెనక వైపు కరెంటు వైరు గుచ్చే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, దాన్ని మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లు షాక్ కొట్టగలవు. బయటి నుంచి జాలీ మీద బ్రష్ వేస్తే చాలు.

కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో దుమ్ముకు ఉప్పుగాలి తోడవుతుంది. స్క్రూలు తుప్పు పడతాయి, ర్యామ్ కాళ్ల మీద పొర పేరుకుంటుంది. ఆన్ చేస్తే బీప్ బీప్ అంటూ స్క్రీన్ రాకపోతే ర్యామ్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక గట్టిగా నొక్కి పెట్టి చూడండి. శానిటైజర్ వాడొద్దు. చాలా వాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిగురుగా మిగిలిపోతుంది.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. లోపల రిబ్బన్ కేబుళ్లు కాగితంలా ఉంటాయి, తొందరపడితే తెగుతాయి. అలవాటు లేకపోతే షాపుకే ఇవ్వండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, అడుగు ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఛార్జింగ్ పెట్టకుండా, గుచ్చకుండా, నొక్కకుండా ఆ రోజే చూపించండి.

రెండో దారి: లోపలి చెత్త తీయడం

దీనికి పైసా ఖర్చు లేదు. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ పేజీలో, ఆన్ కాగానే లేచి కూర్చునే ప్రోగ్రాముల్లో అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. యాంటీవైరస్ ఒక్కటి మాత్రం అలాగే ఉంచండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి, అవి ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ మిషన్‌ని కదలనివ్వవు. ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ కింద టెంపరరీ ఫైల్స్ తీసేయొచ్చు. కానీ అక్కడి జాబితాలో "డౌన్‌లోడ్స్" కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టారంటే పిల్లాడి హాల్ టికెట్, ఈసీ కాపీ అన్నీ పోతాయి.

రిజిస్ట్రీ క్లీనర్లు, "ఒక్క నొక్కుతో పది రెట్లు స్పీడ్" ప్రోగ్రాములు నేను ఎవరికీ చెప్పను. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా, దాన్ని శుభ్రం చేస్తే కంటికి కనిపించేంత స్పీడ్ రాదు, తప్పు ఎంట్రీ పోతే విండోసే లేవకపోవచ్చు. పేరున్నవి కూడా పూర్తిగా క్షేమం అనుకోలేం. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు వైరస్ జొప్పిస్తే, కంపెనీ సొంత సైట్ నుంచి దించుకున్న ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లలోకి అది చేరింది.

హార్డ్ డిస్క్ ఉన్న మిషన్లో ఈ దారి వల్ల వచ్చే తేడా కొంచెమే. మొదట చేయండి, ఆశ మాత్రం పెట్టుకోకండి.

మూడో దారి: ఎస్‌ఎస్‌డీ, ర్యామ్

హార్డ్ డిస్క్ ఉన్న పాత కంప్యూటర్ ఎవరిదైనా సరే, నేను మొదట చెప్పేది ఇదే: హార్డ్ డిస్క్ తీసి దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించమని.

ఎందుకో చెబుతాను. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంటే ముల్లు అటూ ఇటూ జరిగి చదువుతుంది. ఒక్కో ఫైలు వెతకడానికి దాదాపు పది మిల్లీ సెకన్లు. విండోస్ లేవాలంటే అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో చదవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అదే పని ఒక మిల్లీ సెకనులో పదో వంతులోపే అయిపోతుంది. వరస కాపీలోనూ హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 150 ఎంబీ ఇస్తే, హార్డ్ డిస్క్ వైరుకే తగిలే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాకా ఇస్తుంది. ఐదు నిమిషాల్లో లేచే మిషన్ అర నిమిషంలో లేవడం మా ల్యాబ్‌లో ఎన్నోసార్లు చూశాను.

స్పీడ్ ఒక్కటే అయితే నేనింత గట్టిగా చెప్పను. ఐదు దారుల్లోకీ బాగా వెనక్కి రాగలిగింది ఇదే. పాత డిస్క్‌ని తీసి పక్కన పెడతారు, అందులోని ఒక్క ఫైలు కూడా చెరగదు. కొత్తదాన్లో ఏదైనా తేడా వస్తే పాతది మళ్లీ తగిలించుకోవచ్చు. మా బావగారికి ఆ రోజు ఫార్మాట్ బదులు ఇది చేసి ఉంటే లెక్కలు, ఫొటోలు అన్నీ పాత డిస్క్‌లో పదిలంగా ఉండేవి.

కొనేటప్పుడు చూడాల్సినవి: సాటా రకం, రెండున్నర అంగుళాలది, చాలావరకు పాత డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు అన్నిటికీ పడుతుంది. ఎం డాట్ టూ అనే చిన్న కార్డులో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి, మీ మిషన్ ఏది తీసుకుంటుందో చూడకుండా కొంటే వృథా. సైజు 256 జీబీ అయితే లెక్కల పనికి చాలు, ఫొటోలు వీడియోలు ఉంటే 512. సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎస్‌డీ వద్దు. వేశాక డీఫ్రాగ్ (చెదిరిన ఫైళ్లను డిస్క్ మీద వరసగా సర్దే) ప్రోగ్రాములు నడపొద్దు, దానికి కావాల్సిన సర్దుబాటు విండోసే చేసుకుంటుంది.

ఎస్‌ఎస్‌డీతో ఒక చిక్కుంది, అదీ చెప్పాలి. హార్డ్ డిస్క్‌లో పొరపాటున డిలీట్ చేసింది కొన్నిసార్లు రికవరీలో దొరుకుతుంది. ఎస్‌ఎస్‌డీ డిలీట్ చేసిన జాగాని తనే తుడిచేసుకుంటుంది కాబట్టి చాలాసార్లు ఏమీ దొరకదు. బ్యాకప్ లేకుండా దాన్ని వాడకండి.

ర్యామ్ విషయం: 4 జీబీ ఉంటే 8 చేయించుకోండి. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 పట్టదు, డెస్క్‌టాప్‌ది ల్యాప్‌టాప్‌కి పట్టదు. పలచటి ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 2025 చివర్నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. నెల్లూరు ట్రంకు రోడ్డులో అడిగినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అడిగినా ఆ రోజు ధర ఆ రోజే. రెండు చోట్ల అడిగి తీసుకోండి.

నాలుగో దారి: ఫార్మాట్, లేదా వేరే సిస్టమ్

వైరస్ పట్టినప్పుడు, విండోస్ ఫైళ్లు పాడైనప్పుడు ఫార్మాట్ సరైన మందే. స్లో అయిన ప్రతిదానికీ అదే మందు కాదు. అరిగిన హార్డ్ డిస్క్ మీద ఎన్నిసార్లు విండోస్ ఎక్కించినా నెల తిరక్కుండా మళ్లీ అదే కథ.

తప్పదనుకుంటే ముందు వీటిని రాసి పెట్టుకోండి. టాలీ ఉంటే అందులోనే డేటా మెనూలో బ్యాకప్ ఉంది, అది తీసి పెన్‌డ్రైవ్‌లో వేయండి, లైసెన్స్ సీరియల్ నంబర్ రాసుకోండి. డీటీపీ చేసేవాళ్లయితే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇన్‌స్టాలర్లు దగ్గరున్నాయో లేదో చూసుకోండి. పెళ్లికార్డుల పాత ఫైళ్లు ఉన్నా, ఆ ఫాంట్ లేకపోతే తెరిచినప్పుడు తెలుగు బదులు అర్థంకాని గుర్తులు వస్తాయి. వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్ వాడే సెంటర్లకు వాటి డ్రైవర్లు మళ్లీ ఎక్కించి రిజిస్టర్ చేసుకోవడానికే ఒక పూట పడుతుంది. సోమవారం పొద్దున జనం క్యూలో ఉండగా మొదలుపెట్టే పని కాదిది.

విండోస్‌లో "రీసెట్ దిస్ పీసీ" అని ఉంది. "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే సొంత ఫైళ్లు ఉంటాయి, ప్రోగ్రాములు పోతాయి. షాపు ఫార్మాట్ కంటే ఇది మెరుగు, అయినా బ్యాకప్ తీశాకే. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం వేసి ఉండొచ్చు. దాని రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే కాగితం మీద రాసుకోండి. అది లేకుండా మదర్‌బోర్డ్ మార్చినా, బయోస్ (ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసినా మీ ఫైళ్లు మీకే తెరుచుకోకపోవచ్చు.

విండోస్ బదులు వాడుకునే సిస్టమ్ లైనక్స్ మింట్, అది ఉచితం. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్ మీద హాయిగా నడుస్తుంది, 22 వెర్షన్‌కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు ఉన్నాయి. బ్రౌజర్, యూట్యూబ్, ఉత్తరాలు రాసుకోవడం, తెలుగు టైపింగ్ అన్నీ అయిపోతాయి. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. టాలీ, పేజ్‌మేకర్ మీదే బతికేవాళ్లు మాత్రం ఇటు రావొద్దు.

ఐదో దారి: కొత్తది

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటి వాడకందారులు పేరు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నకిలీ ప్రోగ్రాములను అడ్డుకునేది), కనీసం 4 జీబీ ర్యామ్, దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ లేదా ఆ పై ప్రాసెసర్ కావాలి. ఐ5-7200 అంటే ఏడో జనరేషన్, కుదరదు. ఐ5-8250 అంటే ఎనిమిదోది, కుదురుతుంది. అడ్డదారిలో ఎక్కించి ఇస్తామనేవాళ్లుంటారు. అలా ఎక్కించిన దానికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. బ్యాంకు పని చేసే కంప్యూటర్‌కి నేనైతే ఒప్పుకోను.

పాత డిస్క్‌ని మాత్రం మిషన్‌తో పాటు ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయకండి. తీసి దగ్గర పెట్టుకోండి.

| దారి | ఫైళ్లకు ప్రమాదం | వెనక్కి రావచ్చా | స్పీడ్ తేడా | ఖర్చు |
|---|---|---|---|---|
| దుమ్ము దులపడం | లేనట్టే | అవసరం రాదు | వేడెక్కే మిషన్‌కి బాగా | వందల్లో |
| లోపలి చెత్త తీయడం | డౌన్‌లోడ్స్ దగ్గర జాగ్రత్త | కొంతవరకు | కొంచెం | లేదు |
| ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ | చాలా తక్కువ | పూర్తిగా | బాగా ఎక్కువ | కొన్ని వేలు |
| ఫార్మాట్, లైనక్స్ | చాలా ఎక్కువ | బ్యాకప్ ఉంటేనే | జబ్బును బట్టి | తక్కువ, టైమ్ ఎక్కువ |
| కొత్తది | పాత డిస్క్ దాచుకుంటే తక్కువ | అవును | ఎక్కువ | పదుల వేలల్లో |

ఎవరికి ఏది

ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఎనిమిదో జనరేషన్ దాటిన మిషన్ ఉంటే ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేయించి, చదువు అయ్యేదాకా నడపండి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రవచనాలు చూడటానికి, అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడటానికే అయితే ఎస్‌ఎస్‌డీ వేసి లైనక్స్ మింట్ పెట్టినా సుఖమే. షాపు లెక్కలు, జీఎస్టీ ఉన్నవాళ్లు విండోస్ 11కి పనికిరాని మిషన్ మీద వేలకు వేలు పోయకండి, ఆ డబ్బు కొత్తదానికి కలపండి. డీటీపీ వాళ్లకు నా సలహా కాస్త వేరు: పాత మిషన్‌ని దులిపి, నెట్ తీసేసి, పాత ఫాంట్ల పనికే ఉంచుకోండి. మెయిళ్లు, చెల్లింపులు ఇంకో దాన్లో చేయండి.

ఎవరి చేతిలో పెట్టాలి

షాపుకి ఇచ్చే ముందు ఒక కాగితం మీద "నన్ను అడగకుండా ఫార్మాట్ చేయొద్దు, పాత డిస్క్ నాకు తిరిగి ఇవ్వాలి" అని రాసి సంతకం తీసుకోండి. ర్యామ్, డిస్క్ మీది సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు.

స్క్రీన్ మీద "వైరస్ వచ్చింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని ఎర్రగా వస్తే అది మోసం. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఇవ్వదు, తనంతట తాను ఫోన్ చేయదు. టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు చెబితే మన కంప్యూటర్‌ని దూరం నుంచి నడపనిచ్చే ఎనీ డెస్క్ లాంటివి ఎక్కించకండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఏ పనైనా సరే, గాలివాన రోజు మొదలుపెట్టకండి. విండోస్ ఎక్కుతుండగానో, బయోస్ అప్‌డేట్ అవుతుండగానో కరెంటు పోతే మిషన్ మూలన పడుతుంది. యూపీఎస్ ఉండాలి. నవంబర్, డిసెంబర్ తుఫాన్లలో ఉరుములు మొదలైతే ప్లగ్‌తో పాటు నెట్ కేబుల్ కూడా పీకేయండి.

బావగారి డిస్క్‌లో ఆ రోజు నుంచి ఏమీ రాయకుండా ఆపించి రికవరీ చేస్తే ఫొటోలు సగం దొరికాయి, పేర్లు లేకుండా, వరస లేకుండా. అక్క రోజూ రాత్రి కాసేపు కూర్చుని వాటిని ఏళ్ల వారీగా సర్దుతోంది. లెక్కలకు ఆడిటర్ గారి దగ్గర మార్చి నెల బ్యాకప్ ఉంది, అక్కడి నుంచి బిల్లు పుస్తకాలు చూసి మళ్లీ కొట్టుకున్నారు. ఇప్పుడు శనివారం సాయంత్రం షాపు కట్టేసే ముందు ఆయనే టాలీ బ్యాకప్ తీసి, డిస్క్ వైరు పీకి, సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్తారు.